క్లామర్‌కు తెలుగేమిటి? కుయ్యా, గుయ్యా?

(మాట్లాడేవాళ్లకు వాళ్ల ఊళ్ల పేర్లే పేర్లు.)

చీపురుపల్లి: నిన్నటి నుంచి ఒక మాట వేధిస్తోంది. మా అమ్మాయి ఇంగ్లీషు పాఠంలో ‘క్లామర్’ వచ్చింది. కలకలం, రభస, గోల అన్నీ వేసి చూశాను, ఏదీ అతకలేదు. గజేంద్రుడి అరుపుకు పోతన ఒక మాట వాడాడు కదా, ‘గుయ్యి’ అనో ఏదో. అది పనికొస్తుందా?

ఆమదాలవలస: గుయ్యిమనేది దోమ. పోతనది ‘కుయ్యి’, అంటే మొర. ‘పాహి పాహి యనఁ గుయ్యాలించి’లో అరసున్నగా మిగిలిన ద్రుతం, అంటే నకారం, మీద పరుషం ‘క’ సరళం ‘గ’ అయింది, అంతే.

చీపురుపల్లి: నా ప్రతిలో అరసున్న లేదండీ.

కంటోన్మెంటు మాస్టారు: అరసున్న ఎత్తేస్తే ఇలాగే కొత్త మాటలు పుడతాయి. తర్వాతి పద్యం ‘సిరికిం జెప్పఁడు’ అనే మొదలవుతుంది. ‘జెప్పు’ అనే క్రియ ఉందంటామా? అసలు ఆ పరుగు చూడండి, శంఖచక్రాలు కూడా చేతికి తీసుకోలేదు...

టెక్కలి: మాస్టారూ, పోతన దగ్గరికి వెళితే మీరు తిరిగి రారు. ప్రశ్న క్లామర్ గురించి.

కంటోన్మెంటు మాస్టారు: వస్తున్నాను. కుయ్యి ఒంటరి గొంతు, క్లామర్ గుంపుది. లాటిన్‌లో కేకవేయడమనే ధాతువు నుంచి వచ్చింది. క్లెయిమ్ కూడా దాని చుట్టమే. అందుకే ఫలానాది కావాలని పదిమందీ అరిచినా క్లామరే.

టెక్కలి: అయితే గగ్గోలు. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం నాడు విజయనగరం కోట దగ్గర వినిపించేది కోలాహలం. అరటిపళ్లు విసిరేవాళ్లు మనుషుల్ని ఏమీ అడగడం లేదు. రెండు రోజులు నీళ్లు రాక, వీధి కుళాయి దగ్గర ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగులుతుంటే ఆడవాళ్లు పెట్టేది గగ్గోలు. ‘పెట్టు’ గమనించండి. మొర పెడతాం, గగ్గోలు పెడతాం. కోలాహలం పెట్టం.

ఆమదాలవలస: దొంగను చూసి కేకలు కూడా పెడతాం. ఏమడిగినట్టు?

టెక్కలి: సాయం.

ఆమదాలవలస: ఒప్పుకోను గానీ, బాగుంది. ఇంకో మాట. క్లామర్‌లో ‘క’ను ‘గ’ చేస్తే గ్లామర్. అది సరళాదేశం కాదు. గ్రామర్ అన్న మాటే స్కాట్లండు వాళ్ల నోట్లో మారి, మంత్రమాయ అనే అర్థంతో గ్లామర్ అయింది. వ్యాకరణానికి ఆ వైభవం అక్కడే.

కంటోన్మెంటు మాస్టారు: ఇక్కడా ఉండేది. మీ గిడుగు వారు వాడుక భాష అనకముందు.

ఆమదాలవలస: ఆయన పుట్టిన జిల్లా వాళ్లం కాబట్టే నోటిని అడుగుతాం. మీ కుయ్యి పుస్తకంలో ఉంది, మా ‘కుయ్యో మొర్రో’ ఇంకా బతికే ఉంది.

చీపురుపల్లి: అమ్మాయి ‘అరుపులు’ అని రాసి ఇచ్చేసిందట. అది సరే, ‘కుయ్యో’లో ఆ ఓకారం ఎక్కడిది?

కంటోన్మెంటు మాస్టారు: సంబోధన.

ఆమదాలవలస: కాదు.