ఎలక్ట్రాన్ వోల్ట్ ఎందుకు, జౌల్ సరిపోదా?

ప్రశ్న: ఎనర్జీకి జౌల్ ఉంది కదా, మళ్ళీ ఎలక్ట్రాన్ వోల్ట్ అని ఇంకోటి ఎందుకండీ? చిన్నదే కావాలంటే ఎర్గ్ ఉందిగా?

జవాబు 1: ఎర్గ్ అంటే జౌల్‌లో కోటో వంతు, ఆటమ్ లెవెల్‌లో అది కూడా చాలా పెద్దదండీ. ఒక ఎలక్ట్రాన్ 1 వోల్ట్ తేడా దాటితే వచ్చే ఎనర్జీ 1 ఎలక్ట్రాన్ వోల్ట్, జౌల్స్‌లో అయితే 1.602 ఇంటూ 10 పవర్ మైనస్ 19, ప్రతి లెక్కలో ఇది మోసుకుంటూ తిరగలేం కదా. అదే హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ని లాగడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్ట్స్, సిలికాన్ బ్యాండ్ గ్యాప్ (అందులో ఎలక్ట్రాన్ కదిలి కరెంట్ మోయడానికి దాటాల్సిన ఎనర్జీ తేడా) సుమారు 1.1, కంటికి కనిపించే లైట్ ఫోటాన్‌కి (కాంతి కణానికి) సుమారు 1.6 నుంచి 3.2, ఎంత హాయిగా ఉన్నాయో చూడండి, నీలం ఫోటాన్‌కి ఎలక్ట్రాన్ వోల్ట్స్ ఎక్కువ కాబట్టి నీలం ఎల్ఈడీకి ఎరుపు దానికంటే ఎక్కువ వోల్టేజ్ ఎందుకు కావాలో కూడా ఇట్టే తెలిసిపోతుంది.

జవాబు 2: ఎనర్జీ అంటే మాస్ ఇంటూ కాంతి వేగం స్క్వేర్ కాబట్టి, పార్టికల్ ఫిజిక్స్‌లో మాస్ కూడా దీంట్లోనే చెప్తారు. ప్రోటాన్ మాస్ అంటే 938 మెగా (మెగా అంటే పది లక్షలు) ఎలక్ట్రాన్ వోల్ట్స్, కాంతి వేగం స్క్వేర్‌తో భాగించి.

ప్రశ్న అడిగినవారు: ఎల్ఈడీ పాయింట్‌తో క్లియర్ అయిందండీ, థాంక్స్!