స్కాట్లాండ్ విడిపోతే యూరోపియన్ యూనియన్ (ఈయూ) సభ్యత్వం ఎవరి చేతిలో ఉంటుంది?

పోస్టు 1 (చర్చ పెట్టినవారు)

2014 సెప్టెంబర్ 18న స్కాట్లాండ్ ఓటర్లను ఒకటే అడిగారు: స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా? 55.3 శాతం వద్దన్నారు, 44.7 శాతం కావాలన్నారు. 'వద్దు' పక్షం అప్పట్లో ఊదరగొట్టిన మాట ఒకటుంది. విడిపోతే ఈయూ బయట పడతారు, బ్రిటన్‌తో ఉంటేనే లోపల ఉంటారు అని. రెండేళ్లు తిరగకముందే, 2016 జూన్‌లో, బ్రిటన్ మొత్తం మీద 51.9 శాతం ఈయూ వద్దని ఓటేశారు. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండాలనే అన్నారు. అయినా 2020 జనవరి 31న బ్రిటన్‌తో పాటు వాళ్లూ బయటికి రావాల్సి వచ్చింది. ఉండిపోయినందుకు దక్కింది ఇదీ!

నా ప్రశ్న 2014 నాటి పరిస్థితి గురించే. 1973 నుంచి నలభై ఏళ్లకు పైగా లోపలే ఉన్న జనం, అక్కడి చట్టాల కిందే బతికిన జనం, విడిపోయిన మర్నాడు పరాయివాళ్లు ఎలా అవుతారు? సభ్యత్వం వాళ్లతో పాటే రావాలి కదా?

పోస్టు 2

మీ ఆవేదన న్యాయమైనదే. కానీ సభ్యత్వం జనానిది కాదండి, సంతకం పెట్టిన రాజ్యానిది. దీనికి మనకు బాగా దగ్గరి ఉదాహరణే ఉంది. 1945లో ఐక్యరాజ్యసమితి పుట్టినప్పుడు, ఇంకా స్వాతంత్ర్యం రాకపోయినా, భారత్ వ్యవస్థాపక సభ్యదేశం. 1947లో విభజన జరిగాక ఆ కుర్చీ భారత్‌కే ఉండిపోయింది. పాకిస్థాన్ కొత్తగా దరఖాస్తు పెట్టుకుని సెప్టెంబర్ 30న చేరింది. ఆగస్టు 14 దాకా ఆ ప్రజలూ ఆ సభ్యత్వం కిందే ఉన్నారు, అయినా అది వెంట రాలేదు. 1991లో సోవియట్ కుర్చీ రష్యాకు పోయింది. చెకోస్లొవేకియాలో కొనసాగింపు రాజ్యం (పాత దేశం స్థానంలో నిలిచేది) అంటూ ఎవరూ మిగల్లేదు కాబట్టి 1993 జనవరి 19న చెక్, స్లొవేకియా రెండూ కొత్త సభ్యులుగానే చేరాయి.

పోస్టు 3 (చర్చ పెట్టినవారు)

ఐరాస వేరు, ఈయూ వేరండి. ఐరాసలో ఉండేది రాజ్యానికి ఒక కుర్చీ, అంతే. ఈయూలో మనిషికి హక్కులున్నాయి. ఇంకో సభ్యదేశానికి వెళ్లి బతకొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, యూరోపియన్ పార్లమెంటుకు ఓటెయ్యొచ్చు. యాభై లక్షల మంది హక్కుల్ని రాత్రికి రాత్రి ఎలా తీసేస్తారు? పైగా 1990లో తూర్పు జర్మనీ ఏ దరఖాస్తూ లేకుండానే లోపలికి వచ్చేసింది. సరిహద్దులు మారితే సర్దుకోవడం ఈయూకి కొత్తేం కాదు.

పోస్టు 4 (పోస్టు 2 రాసినవారు)

తూర్పు జర్మనీని తెస్తే మీ వాదన మీకే ఎదురు తిరుగుతుంది. అది అప్పటికే సభ్యురాలైన పశ్చిమ జర్మనీలో కలిసింది. ఉన్న సభ్యదేశం పెద్దదైందే తప్ప కొత్త సభ్యదేశం ఏర్పడలేదు. విడిపోయిన ఉదాహరణ కావాలంటే అల్జీరియాను చూడండి. ఈయూకి పునాది వేసిన 1957 రోమ్ ఒప్పందంలో దాని పేరు ఏకంగా రాసి ఉంది, ఫ్రాన్స్‌లో భాగం కాబట్టి. 1962లో స్వతంత్ర దేశమైంది, ఆ ఒప్పందంలో దాని చోటు పోయింది. ఆ పేరు మాత్రం కాగితం మీద చాలాకాలం అలాగే ఉండిపోయింది!

హక్కుల సంగతి. ఈయూ పౌరసత్వానికి సొంత వేరు లేదు, సభ్యదేశపు పౌరసత్వం మీద మొలిచిన కొమ్మ అది. ఒప్పందంలోనే ఆ మాట ఉంది. బ్రెగ్జిట్ తర్వాత ఫ్రాన్స్‌లో స్థిరపడిన ఒక బ్రిటిష్ పౌరురాలి ఓటు హక్కు కేసులో 2022లో ఈయూ న్యాయస్థానం తేల్చింది కూడా ఇదే: బ్రిటన్ బయటికి పోవడంతోనే ఆ పౌరసత్వం పోయింది. ఇది క్రూరంగా ఉందని నాకూ అనిపిస్తుంది. కానీ నిబంధన ఉన్నది అలా.

పోస్టు 5

మీరిద్దరూ చట్టం దగ్గరే ఆగిపోయారు. స్కాట్లాండ్ ప్రభుత్వం 2013 నవంబర్‌లో వేసిన శ్వేతపత్రంలో ఒక మధ్యే మార్గం చెప్పింది. కొత్త సభ్యుల కోసం ఉన్న 49వ అధికరణం కింద కాకుండా, ఒప్పందాన్ని సవరించే 48వ అధికరణం కింద, 'అవును' ఓటుకీ, స్వాతంత్ర్య దినంగా అనుకున్న 2016 మార్చి 24కీ మధ్య ఉన్న 18 నెలల్లో, బ్రిటన్‌లో భాగంగా ఉండగానే అంతా మాట్లాడేసుకోవాలని. తెలివైన ఆలోచనే. చిక్కేమిటంటే 48 అయినా 49 అయినా ప్రతి సభ్యదేశమూ ఒప్పుకోవాలి. అప్పటి ఈయూ కమిషన్ (ఈయూ పాలనా విభాగం) అధ్యక్షుడు బరోసో 2014 ఫిబ్రవరిలో అలా అందరినీ ఒప్పించడం చాలా కష్టమని, దాదాపు అసాధ్యమని అన్నారు. విడిపోతానంటున్న కటలోనియా ప్రాంతంతో తలనొప్పి ఉన్న స్పెయిన్ ఏమంటుందో అన్న భయం అందరిలోనూ ఉంది.

ఒక్క దేశం అడ్డుపడితే ఎంత ఆలస్యమో బంగ్లాదేశ్‌ను చూస్తే తెలుస్తుంది. 1972లోనే కామన్వెల్త్ దాన్ని చేర్చుకుంది (దాన్ని గుర్తించడానికి సభ్యదేశాలు సిద్ధపడుతున్నాయన్న కోపంతో పాకిస్థాన్ అంతకుముందే కామన్వెల్త్‌ను వదిలేసింది). అదే ఏడాది ఆగస్టులో భద్రతామండలిలో చైనా వీటో పడింది. ఐరాసలో అడుగుపెట్టేసరికి 1974 సెప్టెంబర్ వచ్చింది. సెర్బియా నుంచి విడిపోయిన కొసావో అయితే 2009లోనే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి)లో చేరింది, ఐరాసలో ఇవాళ్టికీ లేదు. ఒక సంస్థ రానిచ్చిందని ఇంకోటి రానివ్వాలని లేదు.

పోస్టు 6 (చర్చ పెట్టినవారు)

అల్జీరియా సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. సభ్యత్వం దానంతట అదే వస్తుందన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ 2014లో రెండో పక్షం చెప్పిందీ నిజం కాదు కదా? ఉండిపోతే సభ్యత్వం పదిలం అన్నారు. ఆ పూచీ కూడా ఎవరి చేతిలోనూ లేదు. విడిపోతే మిగతా 27 దేశాల దయ, ఉండిపోతే ఇంగ్లండ్ ఓటర్ల దయ. ఇంకో రెఫరెండం పెట్టుకుందామంటే, లండన్ అనుమతి లేకుండా స్కాట్లాండ్ పార్లమెంటు ఆ చట్టం చేయలేదని 2022 నవంబర్ 23న బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పేసింది.

పోస్టు 7 (పోస్టు 2 రాసినవారు)

ఈ మాట నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రెండు పక్షాలూ తమ చేతిలో లేనిదాన్ని హామీగా ఇచ్చాయి.

అయితే ఇవాళ లెక్క మారింది. కావాలనుకున్న దేశం విషయంలో ఈయూ త్వరపడగలదు: 1992లో దరఖాస్తు పెట్టిన ఫిన్లాండ్ 1995 జనవరి 1కల్లా లోపలుంది. చేరితే యూరో నాణెం తీసుకోక తప్పదని కూడా అతిగా భయపెట్టారు. తీసుకుంటామని ఒప్పుకుని చేరిన స్వీడన్ 2003లో ఓటింగ్ పెట్టి వద్దనుకుంది, ఇప్పటికీ తన సొంత నాణెం క్రోనాయే వాడుతోంది. నా దృష్టిలో అసలు చిక్కు సరిహద్దుది. 2014లో అయితే రెండు వైపులా ఈయూయే ఉండేది. ఇప్పుడు స్కాట్లాండ్ లోపలికి వెళ్తే ఇంగ్లండ్ బయట ఉంటుంది, వాళ్ల మధ్య కస్టమ్స్ గీత పడుతుంది. స్కాట్లాండ్ సరుకు అన్నిటికంటే ఎక్కువగా వెళ్లేది ఆ గీత దాటే.

అందుకే 'చేర్చుకుంటారా లేదా' అన్నది నాకు రెండో ప్రశ్న. స్వాతంత్ర్యం వచ్చిన రోజుకీ సభ్యత్వం వచ్చే రోజుకీ మధ్య కొన్నేళ్లుంటాయి. ఆ ఏళ్లలో చేతిలో ఏ నాణెం, సముద్రంలో చేపల వేట ఎవరి నిబంధన కింద, ఎడిన్‌బరోలో పనిచేస్తున్న పోలండ్ నర్సు ఏ హోదాలో ఉంటుంది? విడిపోదామనేవాళ్లు ఓటుకు ముందే ఇవన్నీ కాగితం మీద పెట్టాలి. ఉండిపోదామనేవాళ్లు కూడా, 62 శాతం మంది కోరిందానికి తమ దగ్గర ఏం సమాధానం ఉందో అదే కాగితం మీద రాయాలి.