ఆపరేషన్ మత్తులో ఉన్నంతసేపూ ఎరుక ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న అడిగినవారు (కలం పేరు): గోదావరి గట్టు

గత నెలలో నాకు పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ జరిగింది. బల్ల మీద పడుకోబెట్టాక మత్తు డాక్టరుగారు "ఏ ఊరండీ మీది?" అని అడగడం గుర్తుంది, నేను జవాబు చెప్పానో లేదో గుర్తులేదు. ఆ మరుక్షణమే వార్డులో మంచం మీద ఉన్నాను. మధ్యలో మూడు గంటలు గడిచిపోయాయని గోడ గడియారం చూస్తే గాని తెలియలేదు. రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి లేచినా, చాలాసేపు పడుకున్నామన్న అంచనా ఒకటి మనసులో మిగులుతుంది. ఇక్కడ అదీ లేదు.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఆ మూడు గంటలూ నాలో ఎరుక పూర్తిగా ఆరిపోయిందా, లేక ఏదో ఒక రూపంలో ఉండి కూడా నాకు జ్ఞాపకంగా మిగలలేదా? మా తాతగారు మాండూక్య ఉపనిషత్తు చెబుతూ గాఢనిద్రలో సైతం సాక్షి, అంటే మనలో అన్నిటినీ చూస్తుండే ఎరుక, మేలుకునే ఉంటాడనేవారు. వైద్యం తెలిసినవారూ, దర్శనాలు చదివినవారూ ఇద్దరూ చెబితే సంతోషిస్తాను. చనిపోయాక ఏమవుతుందన్న చర్చలోకి మాత్రం దయచేసి వెళ్ళవద్దు.

సమాధానం: మత్తు సూది

మత్తు ఇవ్వడం నేను రోజూ చేసే పని కాబట్టి ముందు ఒక సవరణ చెబుతాను. "నిద్రపుచ్చుతాం" అని రోగులకు మేమే అంటాం గాని, అది ధైర్యం కోసం చెప్పే మాట. నిద్రపోతున్న మనిషిని తట్టి లేపవచ్చు. కత్తిగాటుకు కూడా కదలని స్థితిని నిద్ర అనలేము. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ అందరి ఎదుట ఈథర్ పీల్పించి శస్త్రచికిత్సకు తోడ్పడిన నాటి నుంచి ఈ విద్య ఎంతో పెరిగింది. ఇప్పుడు ఎక్కువగా వాడే ప్రొపొఫాల్ అనే మత్తుమందు, మెదడులోని గాబా గ్రాహకాల (నాడీకణాలను శాంతింపజేసే గాబా అనే రసాయనాన్ని అందుకునే భాగాల) మీద పనిచేసి నాడీకణాల ఉత్తేజాన్ని అణచుతుందని తెలుసు. అలాగని మెదడు ఆగిపోదు. ఈఈజీలో (తల మీద నుంచి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్షలో) అలలు నెమ్మదించి పెద్దవవుతాయి, మెదడులో ఒక భాగం చెప్పేది మరో భాగానికి అందడం తగ్గిపోతుంది. ఇంత తెలిసినా, కణం మీద జరిగే ఆ పని వల్ల "నేను" అన్న భావం ఎందుకు మాయమవుతుందన్నది ఇంకా తేలలేదు.

మీ ప్రశ్నలో కీలకమైన మాట "గుర్తులేదు". మేము ఒకే మందు ఇవ్వము: స్పృహ తప్పించడానికి ఒకటి, నొప్పికి ఒకటి, అవసరమైనచోట కండరాలు సడలడానికి మరొకటి ఇస్తాం. ముందుగా ఆందోళన తగ్గించడానికి ఇచ్చే మిడజోలామ్ వంటి మందు, ఆ తరువాత జరిగేవాటిని జ్ఞాపకంలో నిలవనివ్వదు. అందువల్ల "ఏమీ గుర్తులేదు" అన్నంత మాత్రాన "ఏమీ తెలియలేదు" అని రుజువు కాదు.

దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. కండరాల మందు ఎక్కించే ముందు రోగి ఒక ముంజేతికి బీపీ పట్టీ లాంటిది బిగించి, ఆ చేతిలోకి మందు చేరకుండా ఆపుతారు. ఒళ్ళంతా కదలకపోయినా ఆ చెయ్యి కదలగలదు. అప్పుడు చెవి దగ్గర "నా మాట వినిపిస్తే నా చెయ్యి నొక్కండి" అంటారు. 2017లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనంలో, గొంతులో గొట్టం వేసిన తరువాత ఇలా అడిగితే 260 మందిలో 12 మంది చెయ్యి నొక్కారు. వారిలో అయిదుగురు నొప్పి ఉందని కూడా అదే విధంగా తెలియజేశారు. ఇది చదివి ఎవరూ ఆపరేషన్‌కు భయపడనక్కరలేదు. మా వృత్తిలో ఉన్నవాళ్ళం మాత్రం దీన్ని మరిచిపోకూడదు.

సమాధానం: పాత పుస్తకాల వాడు

మీ తాతగారు చెప్పిన మాటకు ఆధారం పన్నెండు మంత్రాల మాండూక్యంలోనే ఉంది. సుషుప్తిని, అంటే కలలు లేని గాఢనిద్రను, అది శూన్యం అనలేదు, "ప్రజ్ఞానఘన" అన్నది. అంటే ఎరుక లేకుండా పోలేదనీ, వేరువేరు విషయాలుగా విడివడకుండా ముద్దగా ఉన్నదనీ అర్థం. దీనికి అద్వైతులు చూపే సాక్ష్యం మనం రోజూ అనే మాటే: "హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు." ఇది జ్ఞాపకం కదా, అనుభవం లేనిదే జ్ఞాపకం ఎలా వస్తుంది అని వారి వాదం. యోగసూత్రాలు కూడా (1.10) నిద్రను చిత్తవృత్తులలో, అంటే మనసు చేసే పనులలో, ఒకటిగానే లెక్కించాయి.

అయితే మన దేశంలోనే నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, దీనికి గట్టిగా అడ్డం తగిలారు. నిద్ర లేచినవాడు చెప్పేది జ్ఞాపకం కాదు, ఊహించి తేల్చుకున్నది అన్నారు. ఒళ్ళు తేలికగా ఉంది, పడుకునే ముందు సంగతీ లేచిన తరువాతి సంగతీ గుర్తున్నాయి, మధ్యది లేదు. కాబట్టి మధ్యలో నాకు ఏమీ తెలియలేదని అనుమాన ప్రమాణంతో (గుర్తులను బట్టి తర్కించి) తేల్చుకుంటాడు. నేను అద్వైతం వైపు మొగ్గేవాడినే అయినా, మీ అనుభవం నైయాయికులకు పనికొచ్చేదిగా ఉందని ఒప్పుకోక తప్పదు. మీరు గోడ గడియారం చూసి తేల్చుకున్నది అచ్చంగా వారు చెప్పిన పద్ధతిలోనే ఉంది. మత్తును సుషుప్తితో సమానం చేయవచ్చా అన్నది మాత్రం వేరే ప్రశ్న.

సమాధానం: అరవ తరంగం

సమానం చేయలేమనే నా అభిప్రాయం. నిద్రలోనూ, మత్తులోనూ పలు రకాలున్నాయి.

2013లో మసిమిని అనే మెదడు పరిశోధకుడి బృందం ఒక కొలతను ప్రతిపాదించింది. తల మీద నుంచి అయస్కాంత స్పందనతో మెదడును ఒక్కసారి తట్టి, దాని ప్రతిధ్వని ఎంత సంక్లిష్టంగా ఉందో ఈఈజీలో చూస్తారు. మెలకువలో ఆ ప్రతిధ్వని ఎన్నో చోట్లకు రకరకాలుగా పాకుతుంది. గాఢనిద్రలో గాని, ప్రొపొఫాల్ మత్తులో గాని తట్టిన చోటే చప్పబడిపోతుంది, లేదా అంతటా ఒకే తీరుగా ఊగి ఆగిపోతుంది. కెటమిన్ అనే మరో మందు మత్తులో ఉన్న మనిషి పిలిస్తే పలకడు, కానీ కొలత మాత్రం మెలకువకు దగ్గరగా వస్తుంది. లేచాక అటువంటివారు విచిత్రమైన కలలు చెబుతారు. అంటే పలకకపోవడం వేరు, ఎరుక లేకపోవడం వేరు.

నిద్ర సంగతికి వస్తే, 2017లో సిక్లారి, టొనోని తదితర పరిశోధకులు తలకు 256 ఎలక్ట్రోడ్లు పెట్టి, నిద్రపోతున్నవారిని మాటిమాటికీ లేపి, లేపడానికి ముందు మనసులో ఏముందని అడిగారు. కొందరు కల చెప్పారు, కొందరు ఏమీ లేదన్నారు, కొందరు "ఏదో ఉంది, అదేమిటో చెప్పలేను" అన్నారు. ఈ మూడో జవాబును చూపి సాక్షి దొరికాడనుకోవడం తొందరపాటు. అది మరిచిపోయిన కల కావచ్చు. అయినా పైన చెప్పిన అద్వైత–న్యాయ వివాదాన్ని ప్రయోగశాలలో పరీక్షించేలా మలచడానికి తత్త్వవేత్తలూ, నిద్ర పరిశోధకులూ కలిసి పనిచేయడం నాకు సంతోషం కలిగించే విషయం.

ప్రశ్న అడిగినవారు: గోదావరి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. మిడజోలామ్ సంగతి చదివాక మా ఆవిడను కదిపి చూశాను. వార్డుకు తెచ్చే ముందు నన్ను పక్క గదిలో దాదాపు అరగంట ఉంచారట. తనను లోపలికి పిలిచినప్పుడు నేను కళ్ళు తెరిచే ఉన్నానట. నర్సు అడిగితే పేరూ, ఊరూ సరిగ్గా చెప్పానట. స్కూటరుకు తాళం వేశావా అని తనను రెండుసార్లు అడిగి, నీళ్ళు ఇవ్వలేదని విసుక్కున్నానట కూడా. ఆ అరగంటలో ఒక్క ముక్క కూడా నాకు గుర్తులేదు. అందువల్ల ఆపరేషన్ జరిగిన సేపు సంగతి పక్కన పెట్టి, మత్తు సూది గారిని ఇంకొకటి అడుగుతున్నాను: దాహం వేసి విసుక్కున్న ఆ మనిషికి ఆ సమయంలో దాహం నిజంగానే తెలిసినట్టేనా?

సమాధానం: మత్తు సూది

తెలిసినట్టే. నేను అక్కడ ఉండి ఉంటే దూది తడిపి మీ పెదవులకు అద్ది ఉండేవాణ్ణి.