అప్‌డేట్: మా గినీ పిగ్‌కు వచ్చింది గడ్డ కాదు

మా నాలుగేళ్ల మగ గినీ పిగ్ వెనుక భాగంలో దుర్వాసన, మెత్తటి ముద్ద ఉందని పర్లాకిమిడి నుంచి గత నెల అడిగింది నేనే. బరంపురం తీసుకెళ్లి చూపించాను. వయసు మీరిన మగవాటిలో అక్కడి కండరాలు సడలి, అవి తిరిగి తినవలసిన మెత్తటి పెంటికలు మలద్వారం దగ్గరి సంచిలో పేరుకుపోతాయట.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఒళ్లో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లతో తడిపి, కొబ్బరినూనె రాసి మెల్లగా తీస్తున్నాను. సబ్బు వాడను, లోపలికి ఏమీ గుచ్చను. మర్మాంగం దగ్గర వెంట్రుకలు, గడ్డిపోచలు చిక్కుకున్నాయేమో కూడా చూడాలి. మొదటిసారే గోరంత గడ్డిపోచ దొరికింది, పాపం!

బరువు 960 గ్రాముల నుంచి 1,010కి పెరిగింది. తూచిన వంటింటి త్రాసును మాత్రం అత్తయ్య మళ్లీ లోపలికి రానివ్వడం లేదు.