అప్‌డేట్: ల్యాండింగ్‌లో ముందు చక్రం విరిగిన సంగతి

సోలోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒక్కణ్నే) ల్యాండింగ్ ప్రాక్టీస్ చేస్తుంటే సెస్నా 172 అనే చిన్న విమానం మూడుసార్లు ఎగిరిపడి ముందు చక్రం విరిగింది, తప్పు నాదేనా, మళ్లీ ఎగరగలనా అని పోయిన నెల అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్. నాకు దెబ్బలేమీ తగల్లేదు.

ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని జరిగిందంతా మళ్లీ చూసుకున్నాం. 65 నాట్ల వేగంతో రావాల్సినవాణ్ని 75తో వచ్చాను. ఆ ఎక్కువ వేగానికి విమానం దిగకుండా రన్‌వే మీద తేలుతూ పోయింది. కంగారుపడి బలవంతంగా దించాను. అది ఎగిరిపడగానే ముక్కును కిందికి తోశాను. అసలు తప్పు అదే. ముందు చక్రం మొదట తగిలితే తర్వాతి గెంతు ఇంకా పెద్దదవుతుంది. మొదటి గెంతుకే ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకి లేవడం) చేయాల్సింది. వంకరపోయిన ప్రొపెల్లర్ కొనలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. అది నేలకు తగిలింది కాబట్టి ఇంజిన్ విప్పి క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు) కూడా చూడాలట.

నిన్న ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి మళ్లీ ఎక్కాను. మొదటి అప్రోచ్‌లో అరచేతులు చెమటతో తడిసిపోయాయి. ఎనిమిది ప్రయత్నాల్లో రెండుసార్లు, ఆయన నోరు తెరవకముందే, నేనే గో అరౌండ్ చేశాను. బాగుందన్నారు. సోలోకి ఇంకా టైమ్ పడుతుంది, నాకూ తొందరేం లేదు.