డెవిల్స్ ప్లాన్‌లో జట్టు కట్టడం తెలివా, భయమా?

గోంగూర_కిమ్చి:
నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన కొరియన్ బుర్రాటల షో డెవిల్స్ ప్లాన్ రెండు సీజన్లూ చూసేశాను, కోపం ఇంకా తగ్గలేదు. మొదటి దాంట్లో (2023) ఆర్బిట్ అనే యూట్యూబర్ అందరినీ కూడగట్టి ఎవ్వరూ అవుట్ కాకూడదని తిరుగుతుంటే బోర్ కొట్టింది, రెండో దాంట్లో (2025) యూన్ సో-హీ, క్యుహ్యున్ కలిసి జంగ్ హ్యున్-గ్యుని మోసుకొస్తుంటే ఒళ్ళు మండింది. జట్టు కట్టకుండా ఈ ఆటలు ఆడలేరా అసలు? మీలో ఎవరైనా ఫ్రెండ్స్‌తో ఆడి చూశారా?

లెక్కల_మాష్టారు:
ఆర్బిట్‌ని తిట్టే ముందు రూల్స్ చూడండి. ఆ సీజన్లో రోజుకొకరు ఇంటికెళ్ళాలనే నియమమే లేదు, పీసులన్నీ (అక్కడి పాయింట్లు) పోతేనే అవుట్. పైగా మెయిన్ మ్యాచ్‌లో కొట్టుకున్నవాళ్ళే తర్వాత ప్రైజ్ మ్యాచ్‌లో కలిసి ఆడి డబ్బు పెంచాలి. అలా పెట్టినప్పుడు "అందరం బతుకుదాం" అనేవాడు ఒకడు తప్పకుండా పుట్టుకొస్తాడు. ఇంతా చేస్తే గెలిచింది ఆ కూటమికి ఎదురు నిలబడ్డ హా సోక్-జిన్, వెనకబడ్డవాళ్ళని పెట్టే జైల్లో దాచిన పజిల్ విప్పింది కూడా ఆయనే. 25 కోట్ల వన్ పట్టుకెళ్ళాడు.

పాత_జీనియస్:
ఇదే డైరెక్టర్ జంగ్ జోంగ్-యాన్ 2013లో టీవీఎన్ ఛానెల్లో మొదలుపెట్టిన ద జీనియస్ షో చూడండి, తేడా తెలుస్తుంది. అక్కడ ప్రతి ఎపిసోడ్‌కీ డెత్ మ్యాచ్ ఉంటుంది, ఒకరు పోవాల్సిందే. ఓడినవాడు ప్రాణ టోకెన్ (డెత్ మ్యాచ్ నుంచి కాపాడేది) లేనివాళ్ళలో ఒకరిని ఎంచుకుని లాగుతాడు, కాబట్టి జట్టులో పది మంది ఉన్నా టోకెన్ దొరకనివాడికి నిద్ర పట్టదు, వాడే ముందు వెన్నుపోటు పొడుస్తాడు. ఓపెన్ పాస్ ఆటలో కార్డుల వెనక డిజైన్‌లో తేడా ఉందని పట్టేసి హాంగ్ జిన్-హో ఒక్కడే గెలిచాడే, ఆ ఎపిసోడ్ ఇప్పటికీ అప్పుడప్పుడూ పెట్టుకుని చూస్తా.

సబ్‌టైటిల్_రాజా:
అన్నా, మంచి ఎపిసోడ్ ఒక్కటే చెప్తే ఎలా? అదే షో సీజన్ 2లో ఆరో ఎపిసోడ్ సంగతో? టీవీ రంగం నుంచి వచ్చిన ఆటగాళ్ళు ఒక గుంపై, ప్రోగ్రామర్ లీ డూ-హీ ఆడటానికి కావాల్సిన ఐడీ కార్డు దాచేశారు, పాపం ఆయన ఆట ఆడకుండానే డెత్ మ్యాచ్‌కి పోయి అవుట్ అయ్యాడు. షో ఆపేయాలని కొరియాలో పిటిషన్లే పెట్టారు. డెత్ మ్యాచ్ ఉన్నా గుంపు గుంపే.

లెక్కల_మాష్టారు:
అది స్ట్రాటజీ కాదు, బయటి స్నేహాలు లోపలికి తెచ్చుకోవడం. ఆ రెండూ వేరు.

ఆదివారం_ఆటలు:
మేము బెంగళూరులో ఫ్లాట్‌లో ఆడతాం, డెవిల్స్ ప్లాన్‌లోని వైరస్ గేమ్ లాంటివి కాగితం ముక్కలతో. ఎన్నిసార్లు ఆడినా ఒకే కారులో వచ్చినవాళ్ళు ఒక జట్టు, భార్యాభర్తలైతే ఇక చెప్పక్కర్లేదు, ఎదురెదురుగా కూర్చోబెట్టినా కళ్ళతోనే మాట్లాడేసుకుంటారు. చివరికి మార్కులు రహస్యంగా రాసివ్వడం, మధ్యలో పక్క గదిలోకి ఇద్దరిద్దరే వెళ్ళడం అని పెట్టాం. అప్పట్నుంచి అబద్ధాలు మొదలయ్యాయి, ఆట బాగుంది. మా బావగారు ఒకేసారి ముగ్గురికి మాటిచ్చి ముగ్గురినీ ముంచారు, రెండు వారాలు మా అక్క ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

గోంగూర_కిమ్చి:
హహ. కానీ డెవిల్స్ ప్లాన్ సీజన్ 2 గురించి ఎవరూ చెప్పట్లేదేంటి?

లెక్కల_మాష్టారు:
చెప్తా. అక్కడ వెనకబడ్డవాళ్ళు జైలుకి, ముందున్నవాళ్ళు లివింగ్ ఏరియాకి. రాత్రి అవుట్ అయ్యే పోటీ జైల్లో వాళ్ళకే. అంటే పైనున్నవాళ్ళకి ఒకరినొకరు పొడుచుకోవాల్సిన అవసరమే రాదు, మరుసటి రోజు అదే జట్టు చెక్కుచెదరకుండా ఆటకొస్తుంది. 2016లో గూగుల్ వాళ్ళ ఏఐ ఆల్ఫాగోని గో ఆటలో ఒక గేమ్ ఓడించిన లీ సే-డోల్ ఉండి కూడా ఏం చేయగలిగాడు? సో-హీని అందరూ తిట్టారు గానీ నా దృష్టిలో సగం తప్పు ఆ గదుల ఏర్పాటుదే.

సబ్‌టైటిల్_రాజా:
సగం ఒప్పుకుంటా మాష్టారూ. మిగతా సగం ఆవిడదే. ఫైనల్లో ఇద్దరే మిగిలాక కూడా ఎదుటివాడు గెలిస్తే సంతోషం అన్నట్టు ఆడితే అది పొత్తు కాదు, త్యాగం. చూసేవాళ్ళం మేమెందుకు కూర్చున్నట్టు?

కొత్తగా_చేరా:
మన బిగ్ బాస్‌లో కూడా గ్రూపులు కడతారు కదండీ, తేడా ఏంటి?

పాత_జీనియస్:
బిగ్ బాస్‌లో చివరి మాట ఓట్లది. నామినేషన్లలో ఎంత గుంపు కట్టినా బయట జనం కాపాడితే ఏం పీకలేరు. అందుకే అక్కడ కెమెరా కోసం ఆడతారు, ఇక్కడ పక్కవాడి లెక్క కోసం. జీనియస్ చూడకపోతే సీజన్ 1 నుంచే మొదలెట్టండి, సీజన్ 3లో జాంగ్ డోంగ్-మిన్ అనే కమెడియన్ వస్తాడు, జట్టుని ఎలా నడపాలో అతన్ని చూసి నేర్చుకోవాలి. సీజన్ 4 కూడా అతనే కొట్టాడు.

కొత్తగా_చేరా:
థాంక్సండీ. ఆరో ఎపిసోడ్ ముందే చెప్పేశారు గానీ, పర్లేదు.