అప్‌డేట్: వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు సన్నగా రావడం – కారణం దొరికింది

ట్యాప్ పూర్తిగా తిప్పినా మెషీన్ నిండటానికి పావుగంట పడుతోందని, వెనక నీళ్లు లోపలికి వదిలే వాల్వ్ దగ్గరి జాలీ (చెత్త ఆపే చిన్న వల) కడిగినా మార్పు లేదని అడిగాను కదా. ఇప్పుడు నాలుగు నిమిషాల్లో నిండుతోంది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది బకెట్ పరీక్షే. పైపును మెషీన్ వైపు విప్పి బకెట్‌లో పెడితే నిమిషానికి మూడు లీటర్లు కూడా రాలేదు. పైపు తీసేసి నేరుగా ట్యాప్ కింద పెడితే పదకొండు వచ్చాయి. అంటే తప్పు మెషీన్‌ది కాదు, పైపుది. ట్యాప్ వైపు నట్టు లోపల రబ్బరు వాషర్‌తో కలిసి ఇంకో చిన్న జాలీ ఉంది. వాషర్ లాగితేగానీ కనబడదు. దాని నిండా తుప్పు రేకులు, ఇసుక, అంచుల్లో గట్టిపడిన తెల్లటి ఉప్పు. అరగంట వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వదిలింది.

ఆ జాలీ తీసి పారేయమని కొందరిచ్చిన సలహా మాత్రం పాటించకండి. ఇసుక వాల్వ్ డయాఫ్రమ్‌లో (నీళ్లను ఆపే రబ్బరు పొరలో) ఇరుక్కుంటే మెషీన్ ఆపినా నీళ్లు కారుతూనే ఉంటాయి. నట్టు చేత్తో బిగిస్తే చాలు, కారితే ఇంకో పావు చుట్టు. అంతకన్నా బిగిస్తే నట్టు లోపలి ప్లాస్టిక్ మరచుట్లు త్వరగా పోతాయి.

వాల్వ్‌ను తెరిచే కరెంటు కాయిల్ బాగుందో లేదో మీటరుతో దాని రెసిస్టెన్స్ చూడటం, ప్రెషర్ స్విచ్‌ను అనుమానించడం ఇక్కడ అనవసరమయ్యాయి. ప్రెషర్ స్విచ్ నీళ్లు ఎప్పుడు ఆపాలో చెబుతుందంతే, ధార వేగం దాని చేతిలో లేదు.